రోలాండ్ మెచ్చుకున్న బొమ్మల కథ

రోలాండ్ మర్గట్రాయిడ్‌కు నచ్చే సినిమా ఇంతవరకూ ఎవరూ తీయలేదు. ఇకముందు తీస్తారన్న ఆశ కూడా అతనికి లేదు. అయినా వారం వారం హాలుకు వెళతాడు, టికెట్టు కొంటాడు, సరిగ్గా మధ్య వరసలో కూర్చుంటాడు, చివర్లో పేర్లన్నీ పడేదాకా లేవడు. చూడకుండా తిట్టడం చేతకాక కాదు. చూసి తిడితే ఆ రుచే వేరని అతని అనుభవం.

వయసు యాభై ఏడు. పెళ్ళి కాలేదు. ఇంగ్లండులోని హాలిఫాక్స్ ఊరి కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగం. కారు పెట్టకూడని చోట పెట్టి జరిమానా పడినవాళ్ళు ఫోన్ చేసి మొత్తుకుంటే, ఆ మొత్తుకోళ్ళు వినడం అతని పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊరందరి చేతా తిట్లు తిని, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని మెత్తగా జవాబు చెప్పే మనిషికి ఆదివారం వచ్చేసరికి ఎవరినో ఒకరిని తిట్టబుద్ధి కావడంలో వింతేముంది?

లోకాన్ని కాపాడటానికి నగరాన్నంతా పిండి పిండి చేసే వీరుల సినిమా చూసి వచ్చి, "సరే, లోకం మిగిలింది. కింద కార్లు పెట్టుకున్నవాళ్ళ గతేంటి?" అన్నాడు. పల్లెటూళ్ళో వారానికొక హత్య జరిగే టీవీ సీరియల్ గురించి, "ఇన్ని శవాలు లేచినా ఆ ఊళ్ళో ఇళ్ళ ధరలు ఎందుకు పడిపోవు?" అని అడిగాడు. ఇప్పటి కామిక్స్‌లో వీరులందరికీ మెడ పట్టేసినట్టుంటుందని, అందుకే గడ్డం దించి కళ్ళు పైకెత్తి చూస్తారని అతని అభిప్రాయం. ఇవన్నీ ఇంటర్నెట్‌లో తన పేజీలో రాసుకుంటాడు. చదివేవాళ్ళు తక్కువ. న్యూజీలాండ్ నుంచి ఒకాయన మాత్రం ప్రతిదానికీ అడ్డం తగులుతూ రాస్తాడు. ఆయన ఒక వారం రాయకపోతే రోలాండ్‌కు అన్నం సయించదు.

అతనిలాంటి వాళ్ళంతా ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో భోజనాలయ్యాక, మార్కెట్ వెనక పబ్బులో మేడ మీద గదిలో చేరతారు. వాన పడితే పదిమంది, ఎండ కాస్తే ఇంకా తక్కువ. ఆ గదికి ఒక ఆచారం ఉంది. ఒక్కో ఆదివారం ఒక్కరు తమకు ప్రాణమైన సినిమానో సీరియల్‌నో కామిక్‌నో తెచ్చి బల్ల మీద పెట్టాలి. మిగతావాళ్ళంతా దాన్ని ఉతికి ఆరేయాలి. తెచ్చినవాళ్ళు నోరు మూసుకుని వినకూడదు, తిరగబడాలి. దీన్ని వాళ్ళు ముద్దుగా 'ఉతుకుడు' అంటారు. ఉతికించుకున్న మనిషి గ్లాసు ఆ మధ్యాహ్నమంతా ఖాళీ అవకూడదు, డబ్బు మిగతావాళ్ళది. బయటివాళ్ళు చూస్తే ఇక్కడ ఒకరి ముఖం ఒకరికి పడదనుకుంటారు. నిజానికి ఆ పదిమందికీ ఆ పదిమంది తప్ప వేరే గతి లేదు.

హేజెల్ ఫెదర్‌స్టోన్ ఆ గదికి వచ్చి రెండేళ్ళయింది. పంటి డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. భర్త పోయాక ఆదివారాలు గడవక వచ్చానని మొదటిరోజే చెప్పేసి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఉతుకుడికి పాత ఆసుపత్రి సీరియల్ ఒకటి తెచ్చింది.

"ఆ ఆసుపత్రిలో రోగులకంటే డాక్టర్లకే జబ్బులెక్కువ," అన్నాడు రోలాండ్. "ఒకడు ఆపరేషన్ మధ్యలో ప్రేమలో పడతాడు. కడుపు కోసి ఉంచిన మనిషి పక్కన పడుకుని వింటూ ఉంటాడు పాపం."

"నీ స్వెటర్ కంటే ఆ కథ గట్టిగానే అల్లారులే," అంది హేజెల్.

గది గదంతా బల్లలు చరిచింది. రోలాండ్ తన స్వెటర్ వంక చూసుకున్నాడు. మోచేతి దగ్గర నిజంగానే దారం ఊడిపోయి ఉంది. ఇంటికి వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నాడు.

అప్పట్నుంచి ఆదివారం సాయంకాలాలు ఇద్దరూ కలిసి బస్టాండు దాకా నడిచేవాళ్ళు. దారిలో ఒక వేడి చిప్స్ పొట్లం కొనుక్కుని, పైన చల్లిన వెనిగర్ కారుతున్న వేళ్ళతో పోట్లాడుకునేవాళ్ళు. పోట్లాట తెగకపోతే బస్సును వదిలేసేవాళ్ళు, పోట్లాట ఇంకా సాగాలనిపిస్తే తరవాతి బస్సునూ వదిలేసేవాళ్ళు. ఆమె అంటే రోలాండ్‌కు ప్రాణం. ఈ సంగతి మేడ మీద గదిలో అందరికీ తెలుసు. అందరికంటే ఆఖర్న తెలిసింది అతనికే. తెలిశాక కూడా చెప్పలేదు. చెప్పడం ఎలాగో అతను చూసిన ఏ సినిమాలోనూ సరిగ్గా చూపించలేదట.

మార్చి నెలలో ఒక ఆదివారం బస్టాండులో హేజెల్ ఒక ప్లాస్టిక్ సంచి అతని చేతిలో పెట్టింది.

"ఇది నేను గీసింది," అంది. "నవ్వకు."

"నవ్వొచ్చేలా గీశావా?"

"కామిక్. మొత్తం పుస్తకం. మూడేళ్ళు పట్టింది. వచ్చే నెలలో లైబ్రరీ హాల్లో కామిక్స్ సంత ఉంది చూడు, అందులో ఒక బల్ల తీసుకున్నాను. బుధవారం కాదు, ఆ పై బుధవారం ప్రెస్సుకివ్వాలి."

"మూడేళ్ళు కడుపులో దాచుకున్నావా? దొంగ మనిషివి."

"వచ్చే ఆదివారం ఉతుకుడికి ఇదే పెడుతున్నా. మిగతావాళ్ళు ఏమన్నా పర్లేదు, రోలాండ్. నువ్వు మాత్రం మొహమాటపడకు. అచ్చుకెళ్ళే ముందు నీ నోటితో వినాలి."

"నాకు మొహమాటమా? రెండేళ్ళలో నా గురించి తెలుసుకుంది ఇదేనా?"

ఆమె నవ్వి బస్సెక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి వేలు చూపించి బెదిరించింది కూడా.

రోలాండ్ ఇంటికెళ్ళి వంటింటి బల్ల మీది వెన్న రాసిన రొట్టె పక్కకి నెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, సంచి విప్పాడు. అతను ఏ పుస్తకం కోసమూ చేతులు కడుక్కున్నవాడు కాదు.

కథలో డోరీన్ అని ఒకావిడ. బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించడం ఆవిడ పని. మోకాళ్ళు దాటే కోటు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర 'ఆగండి' అని రాసిన గుండ్రటి పలక. ఆవిడ రెండో చెయ్యి ఎత్తితే కార్లు ఆగుతాయి, అందులో విశేషం లేదు. డోరీన్ చెయ్యెత్తితే కాలం కూడా ఆగుతుంది. ఆగిన కాలంలో ఆవిడ లోకాన్నేమీ కాపాడదు. లారీ చక్రం కిందికి దూరబోయిన పిల్లిని తోక పట్టి లాగుతుంది. అన్నం డబ్బా మరిచిపోయిన పిల్లాడి సంచిలో తన శాండ్‌విచ్ పెడుతుంది. ఫోను చూస్తూ కారు నడిపేవాడి ముక్కు మీద సున్నం రాస్తుంది. తరవాత చెయ్యి దించుతుంది, కాలం కదులుతుంది, పిల్లలు దాటేస్తారు. ఈ రహస్యం తెలిసినవాడు ఆవిడ మొగుడొక్కడే. బస్సు డ్రైవరు, గుబురు మీసాల మనిషి. ఇవాళ మళ్ళీ కాలాన్ని ఆపానని ఆవిడ చెబితే, "సరేలే, టీ పెట్టనా?" అంటాడు. అంతే.

రోలాండ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, ఇదేమిటి నాకు నచ్చుతోంది అని కంగారుపడ్డాడు.

చివరి భాగంలో ఆ మొగుడికి జబ్బు చేస్తుంది. ఒకరోజు పొద్దున డోరీన్ రోడ్డు మధ్యలో నిలబడి ఉండగా, కొండ మీది ఇంట్లోంచి ఆయన్ని ఎక్కించుకున్న అంబులెన్సు కిందికి దిగి వస్తుంది. డోరీన్ చెయ్యెత్తుతుంది. చివరి పేజీ అదే. పేజీ నిండా ఆగిపోయిన వీధి. తెల్ల చారల మీద ఒక కాలు ఎత్తి నిలిచిపోయిన పిల్లలు, గాల్లో వేలాడుతున్న పావురాలు, అంబులెన్సు, చెయ్యెత్తిన డోరీన్. కథ అక్కడితో అయిపోయింది.

హేజెల్ భర్త కీత్, టాడ్మోర్డెన్ ఊరికి వెళ్ళే బస్సు నడిపేవాడని రోలాండ్‌కు తెలుసు. పోయి నాలుగేళ్ళయిందని తెలుసు. అదీ వేరేవాళ్ళు చెబితేనే. ఆమె ఎప్పుడూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఆ పేజీ తప్పని రోలాండ్‌కు చూడగానే తెలిసింది. ఇంకెవరైనా గీసి ఉంటే, 'ముగించే ధైర్యం చాలక పెన్సిలు కింద పెట్టేశారు' అని ఒక్క ముక్కలో తేల్చేసి టీ తాగేవాడు. కానీ గీసింది హేజెల్. ఆ పేజీలో డోరీన్ కోటులో ఆమే చెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని తప్పంటే, ఆమె మనసులో ఎక్కడ తగులుతుందో అతనికి తెలుసు. ఆమె ఇక మేడ మెట్లెక్కదు, చిప్స్ పొట్లం ఉండదు, బస్సులు వదిలేసుకోవడం ఉండదు. అసలు మనిషే దూరమైపోతుంది. ఇంత వయసొచ్చాక మళ్ళీ ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?

ఆ వారమంతా అతను అతనిలా లేడు. ఆఫీసులో ఒకావిడ జరిమానా గడువు పెంచమని బతిమాలితే, ఏదో ఆలోచిస్తూ మొత్తం జరిమానానే కొట్టేశాడు.

ఆదివారం వచ్చింది. వాన కూడా వచ్చింది, కాబట్టి పదిమందీ వచ్చారు. హేజెల్ పుస్తకం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, యుద్ధానికి సిద్ధమైంది. అందరి కళ్ళూ రోలాండ్ మీదే. ఉతుకుడులో మొదటి దెబ్బ ఎప్పుడూ అతనిదే.

రోలాండ్ గొంతు సవరించుకున్నాడు.

"చాలా బాగుందండీ," అన్నాడు. "మీ శ్రమ ప్రతి పేజీలో కనబడుతోంది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ముఖ్యంగా ముగింపు ఎంతో హృద్యంగా ఉంది."

అది సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫోన్లో వాడే గొంతు. ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని గొంతు. మందుల షాపులో పనిచేసే షబ్నమ్ అప్పుడే నోట్లో వేసుకున్న చిప్స్ గొంతుకు అడ్డం పడి ఉక్కిరిబిక్కిరైంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, జపాను కార్టూన్లంటే పిచ్చి, ఆరెంజి రసం తప్ప ఇంకేమీ తాగదు, ఆ గదిలో హేజెల్ కాక రోలాండ్‌ను నిలదీయగల ధైర్యం ఆమెకొక్కదానికే ఉంది. ఆమె కూడా ఆ రోజు నోరెళ్ళబెట్టి ఊరుకుంది. మిగతావాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దాయన బాగుందన్నాక తామేమంటారు? "అవునవును, బాగుంది." "రంగులు బాగా కుదిరాయి." నలుపు తెలుపు బొమ్మలవి.

హేజెల్ మడుచుకున్న చొక్కా చేతులు మెల్లగా దించుకుంది.

"చాలా థాంక్స్," అంది. "మీరంతా ఎంతో మంచివాళ్ళు."

ఉతికించుకున్న మనిషి గ్లాసు నింపాలి. ఇప్పుడు ఉతికామా లేదా అన్నది ఎవరికీ తేలలేదు, అందుకని ఎవరూ లేవలేదు. ఆమె ఎదురుగా ఖాళీ గ్లాసు అలాగే ఉంది. కాసేపటికి ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని, ఇవాళ బస్సు తొందరగా ఉందని చెప్పి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయింది. రోలాండ్ కోటు తగిలించుకునేలోపు మెట్లు దిగేసింది.

గండం గడిచిందనుకున్నాడు ఆ తెలివైనవాడు. బాధపెట్టలేదు కదా అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా. మర్నాడు 'బస్సు దొరికిందా?' అని ఫోన్లో సందేశం పెట్టాడు. 'దొరికింది. మీ ఆదరణకు కృతజ్ఞతలు' అని జవాబొచ్చింది. అది చూశాక నిద్ర పట్టడం మానేసింది.

తరవాతి ఆదివారం హేజెల్ రాలేదు.

"నిన్న మా షాపుకొచ్చింది, దగ్గు మందుకి," అంది షబ్నమ్, రోలాండ్ పక్కన కుర్చీ లాక్కుని. "పుస్తకం ప్రెస్సుకివ్వలేదంట. సంతలో బల్ల కూడా వద్దని చెప్పేసిందంట. ఇక్కడికి కూడా ఇక రానేమో అంది."

"నేనేం చేశాను? బాగుందనేగా అన్నాను!"

"అదే మరి. బాగుందన్నావు."

"బాగుందంటే బాధపడతారా ఎవరైనా?"

"సిరిల్‌తో కూడా అన్నావు."

రోలాండ్ చేతిలో గ్లాసు బల్ల మీదికి దిగింది. సిరిల్ వాళ్ళందరిలోకీ పెద్దవాడు. తోలుబొమ్మలు జలాంతర్గామి నడిపే పాత పిల్లల సీరియల్ ఒకటుంటే, దాన్ని మించింది లోకంలో లేదనేవాడు. నీళ్ళలో మునిగినా ఆ బొమ్మల జుట్టు తడవదేమని రోలాండ్ ఆయన్ని ఇరవై ఏళ్ళు ఏడిపించాడు. కిందటి చలికాలం సిరిల్ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉంటే, ద్రాక్షపళ్ళు పట్టుకుని అందరూ చూడబోయారు.

"మంచం పక్కన కూర్చుని నువ్వేమన్నావు?" అంది షబ్నమ్. "'ఆ జలాంతర్గామి సీరియల్ నిజంగా చాలా బాగుండేది, సిరిల్' అన్నావు. ఇదే గొంతుతో. ఆయనేం చేశాడు? నర్సు వంక తిరిగి, 'అయితే నా పని అయిపోయినట్టేనా అమ్మా?' అన్నాడు."

"నేనేదో ఊరటగా ఉంటుందని..."

"రెండ్రోజులకి పోయాడు. అప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఇదంతా విన్నదెవరు? హేజెల్. నువ్వు బాగుందన్నావంటే దానర్థమేంటో ఆమెకి తెలియదా? పుస్తకం చచ్చిందనైనా అనుకోవాలి, లేదా నీ కంటికి తను జాలిపడాల్సిన మనిషిననైనా అనుకోవాలి. పైగా 'అండీ' ఒకటి! తనని పరాయిదాన్ని చేసేశావు కదయ్యా. మమ్మల్నందర్నీ తిట్టేవాడివి, తనని తిట్టడానికేం రోగమొచ్చింది నీకు?"

"భయమేసింది," అన్నాడు రోలాండ్.

"ఏంటి నీ భయం?"

"ఉన్నదున్నట్టు చెబితే మళ్ళీ రాదేమోనని."

షబ్నమ్ పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసింది. "ఇప్పుడు వచ్చిందా మరి?"

రోలాండ్ లేచాడు. గ్లాసులో సగం ఇంకా ఉంది. అతను గ్లాసులో మిగిల్చి లేవడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు, అందుకే గదిలో ఎవరూ నవ్వలేదు. కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, హేజెల్ ఉండే సవర్బీ బ్రిడ్జ్ ఊరికి వెళ్ళే బస్సెక్కాడు.

హేజెల్ ఇల్లు ఏటవాలు వీధిలో ఒకదానికొకటి ఆనుకున్న నల్లరాతి ఇళ్ళలో ఒకటి. తలుపు తీసి అతన్ని చూసింది.

"ఓ, రోలాండ్ గారా. రండి. ఈ వానలో ఎంత శ్రమపడ్డారు."

లోపల కూర్చోబెట్టి టీ తెచ్చింది. గులాబీలు వేసిన కప్పులు, వాటికి సాసర్లు. బిస్కట్లు పళ్ళెంలో, కింద లేసు గుడ్డ. ఎప్పుడూ విరిగిన చెవి ఉన్న మగ్గులో పోసి 'ఇంద' అని చేతిలో పెట్టే మనిషి. రోలాండ్ కప్పును సాసరుతో సహా అందుకున్నాడు.

"పంచదార వేసుకుంటారా?" అని అడిగింది. రెండేళ్ళుగా అతను రెండు చెంచాలు వేసుకుంటాడని, అందుకే పళ్ళు ఊడతాయని ఏడిపించిన మనిషి.

"వేసుకుంటానండీ. వాన బాగా పడుతోంది."

"అవునండీ. పొలాలకు మంచిది."

ఆ వీధిలో ఎవరికీ పొలం లేదు. ఇద్దరూ ఆ లేని పొలాలు చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగారు. ఇక ఆ మర్యాద భరించలేక రోలాండ్ కప్పు కింద పెట్టేశాడు.

"బడి గేటు దగ్గర కుక్కకి ఐదు కాళ్ళున్నాయి," అన్నాడు.

"ఏమిటండీ?"

"నీ పుస్తకంలో. కుక్కకి ఐదు కాళ్ళు."

హేజెల్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఐదోది తోక."

"తోకైతే నేల మీద ఆనించి బరువెందుకు మోపింది?"

ఆమె విసురుగా లేచి, పాత పేపర్ల కింద దోపిన సంచి లాగి, పుస్తకం తీసి పేజీలు తిప్పింది. చూసింది. ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది.

"కుక్క కూర్చోబోతోంది," అంది.

"ఐదు కాళ్ళ మీద నిలబడేకంటే కూర్చోవడమే దానికి మంచిది. పోనీ కుక్కని వదిలేయ్. ఆ పోస్టుమాన్ ఏంటి? మొదటి పేజీలో కుంటుతాడు, తరవాత పరిగెడతాడు. డోరీన్ కాలంతోపాటు కాళ్ళు కూడా బాగుచేస్తుందా?"

"నువ్వు ఎంత శ్రద్ధగా చదివావో పాపం! వాళ్ళు ఇద్దరు పోస్టుమాన్లు!"

"ఇద్దరికీ ఒకే ముక్కు ఎలా వచ్చింది?"

"అన్నదమ్ములు!"

"ఇప్పుడు పుట్టించావు ఆ అన్నదమ్ముల్ని. సరే, మొగుడి మీసం? ఒక పేజీలో కుడివైపు పెద్దది, ఇంకో పేజీలో ఎడమవైపు పెద్దది. గాలివాటాన పెంచాడా?"

"కీత్ మీసం అలాగే ఉండేదిరా వెధవా!" అని అరిచింది హేజెల్. "అద్దం చూడకుండా కత్తిరించుకునేవాడు, బస్సుకి టైమైపోతోందని. ఒక వారం అటు, ఒక వారం ఇటు. నేను..." అని ఆగిపోయింది. ఆ పేరు ఆమె నోటి నుంచి వినడం రోలాండ్‌కు అదే మొదలు. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే అతని ముందున్న గులాబీల కప్పు లాక్కుని, లోపలికెళ్ళి, విరిగిన చెవి మగ్గులో టీ పోసుకొచ్చి అతని ముందు ఠప్పున పెట్టింది.

"తాగి చావు. ఇంకేముంది, కక్కు."

రోలాండ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ ఆపేస్తే చాలు. ఆపేస్తే అన్నీ మునుపట్లా అయిపోతాయి, వచ్చే ఆదివారం చిప్స్ పొట్లంతో సహా. ఒక గుక్క టీ తాగాడు.

"చివరి పేజీ," అన్నాడు.

హేజెల్ నవ్వు ఆగింది. "దాని జోలికి రాకు."

"ఉతకమన్నావు."

"అదొక్కటి తప్ప."

"అది మోసం, హేజెల్."

"ఎవర్ని మోసం చేశాను?" ఆమె గొంతు పదునెక్కింది.

"ఆ పిల్లల్ని. నడిరోడ్డు మీద ఒక కాలెత్తి నిలబడి ఉన్నారు. పుస్తకం మొదట్నుంచీ ఎవరేమైనా పిల్లల్ని దాటించిన మనిషి డోరీన్. చివర్లో వాళ్ళని అక్కడే వదిలేసి కథ అయిపోయిందంటే నేనొప్పుకోను. ఆవిడ మాత్రం? చెయ్యెత్తి ఎన్నాళ్ళని నిలబడుతుంది? చెయ్యి లాగదా ఆవిడకి?"

"దించితే అంబులెన్సు కదులుతుంది."

"కదులుతుంది."

"కదిలితే ఆయన వెళ్ళిపోతాడు, రోలాండ్."

ప్రతిదాని మీదా ఏదో ఒకటి అనగలిగిన మనిషి రోలాండ్. కథల్లో చావుల గురించి, చావు చూపించలేని పిరికి దర్శకుల గురించి ఎన్ని రాశాడో లెక్కలేదు. వాటిలో ఒక్క ముక్క కూడా ఇక్కడ పనికిరాలేదు. ఏదైనా అంటే ఆమె తలుపు చూపిస్తుందేమో. చూపించనీ అనుకున్నాడు.

"వెళ్ళిపోయాడు, హేజెల్," అన్నాడు.

ఆమె పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుంది. చివరి పేజీ తీసి చూసింది. తరవాత ఏడ్చింది, దాచుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. రోలాండ్‌కు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భుజం మీద వేద్దామనుకున్నాడు, చొరవేమో అనుకున్నాడు, చివరికి తమ ఊరి మగవాడు చేయగలిగిందే చేశాడు. వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టాడు. పాలు దొరికాయి గానీ టీ పొట్లాలు ఎంతకీ దొరకలేదు. అన్ని అరలూ తీసి మూసి, ఆమెకు కావలసినంత సేపు గడిచాకే వాటిని కనుక్కున్నాడు.

మగ్గులు పట్టుకుని తిరిగి వచ్చేసరికి హేజెల్ కిటికీ పక్కన బల్ల దగ్గరికి జరిగి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. ఎదురుగా తెల్ల కాగితం, చేతిలో పెన్సిలు. కాగితం మీద డోరీన్ కోటు, టోపీ, కర్ర పడ్డాయి. రెండో చెయ్యి ఉండాల్సిన చోట రుద్దిన మరకల మీద నాలుగు వంకర గీతలు ఉన్నాయి.

"రావట్లేదు," అంది. "ఎప్పుడూ ఎత్తిందే గీశాను. దించేది అలవాటు లేదు."

"ఇప్పుడు గీసింది చూస్తే భుజానికి ఫోర్కు అతికించినట్టుంది."

"నోరు మూసుకుని అక్కడ నిలబడు. వెలుతురులో. ఆ గొడుగు పట్టుకో, కర్రలాగా."

రోలాండ్ కిటికీ ముందు నిలబడ్డాడు. ఒక చేత్తో తడి గొడుగు నిటారుగా పట్టుకున్నాడు, రెండో చెయ్యి ఎత్తాడు. ఎదురింటావిడ తెర తొలగించి చూసింది, మళ్ళీ వేసుకుంది. ఎవరేమనుకున్నా ఫర్వాలేదనిపించింది అతనికి.

"దించు," అంది హేజెల్. "నెమ్మదిగా."

దించడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు అతని చేతికీ కాగితానికీ మధ్య తిరుగుతున్నాయి. చెంపల మీద ఇంకా తడి ఉంది, పెన్సిలు మాత్రం ఆగలేదు.

"ఇంకొంచెం," అంది.

రోలాండ్ ఇంకొంచెం దించాడు.